తెలిసి కూడా మాస్క్ ఎందుకు తీశాం? గత్తర నుంచి కరోనా దాకా

బస్సులో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటున్నవాళ్లకి, హాస్టల్ గదిలో పడుకుని చూస్తున్నవాళ్లకి, వీడియో లోడ్ అవ్వక ఇక్కడ చదువుకుంటున్నవాళ్లకి కూడా ఈ ఎపిసోడ్. మా జైనూర్‌లో నెట్ సంగతి నాకు బాగా తెలుసు కాబట్టే ప్రతి ఎపిసోడ్‌నీ ఇలా రాసి పెడుతున్నా.

ఇవాళ ఒక ప్రశ్నతో మొదలుపెడదాం.

2021 డిసెంబర్. కరీంనగర్ దగ్గర ఒక మెడికల్ కాలేజీ. అక్కడ వార్షికోత్సవం జరిగింది. పాటలు, డాన్సులు, గ్రూప్ ఫొటోలు అన్నీ అయ్యాయి. కొద్ది రోజులకు ఒకరిద్దరికి జ్వరం వచ్చింది. టెస్టులు చేస్తే 40 మందికి పైగా విద్యార్థులకు కరోనా పాజిటివ్. కాలేజీకి సెలవులిచ్చేశారు.

ఒక్కసారి ఆలోచించండి. వాళ్లు కాబోయే డాక్టర్లు. వైరస్ ముక్కులోంచి ఊపిరితిత్తుల దాకా ఎలా వెళ్తుందో బొమ్మ గీసి చూపించగలరు. అప్పటికి మహమ్మారి మొదలై దాదాపు రెండేళ్లు. వాళ్లకి తెలియనిది ఏముంది? మరి ఎందుకలా జరిగింది?

వాళ్లను తిట్టడానికి నేనీ ఎపిసోడ్ చేయట్లేదు. అదే ఏడాది నేనూ అదే పని చేశా. ఆ సంగతి చివర్లో చెప్తా. ముందు చరిత్ర.

మాస్క్ పెట్టుకోని ప్రొఫెసర్

1910 చలికాలం. చైనాకు ఈశాన్యాన మంచూరియా, అందులో హార్బిన్ నగరం. అక్కడ ప్లేగు మొదలైంది. మామూలుగా ప్లేగు అంటే ఎలుకలు, ఎలుకల మీది చిన్న పురుగులు అని చదువుకున్నాం కదా. ఇది అది కాదు. ఊపిరితిత్తులకు పట్టే ప్లేగు. దగ్గితే పక్కవాడికి వస్తుంది. పట్టుకుంటే రెండు మూడు రోజుల్లో మనిషి పోవాల్సిందే.

దాన్ని ఆపడానికి వూ లియెన్-తె అనే డాక్టర్‌ను పంపారు. మలేషియాలోని పెనాంగ్‌లో పుట్టి, కేంబ్రిడ్జ్‌లో చదివినవాడు. వయసు 31. ఆయన శవపరీక్ష చేసి ఒక మాట చెప్పాడు: ఇది ఎలుకలతో కాదు, మనిషి ఊపిరితో వస్తోంది, కాబట్టి అందరూ ముక్కూ నోరూ కప్పుకోవాలి. గాజుగుడ్డ పొరల మధ్య దూది పెట్టి మాస్క్ తయారు చేయించాడు.

అప్పుడే మెనీ అనే ఫ్రెంచ్ ప్రొఫెసర్ అక్కడికి వచ్చాడు. పెద్ద పేరున్న డాక్టర్. ఈ కుర్ర డాక్టర్ మాట ఆయనకు నచ్చలేదు. మాస్క్ లేకుండానే రోగులను చూడటానికి ఆస్పత్రికి వెళ్లాడు. కొద్ది రోజులకే ప్లేగుతో చనిపోయాడు. ఆ తర్వాత హార్బిన్‌లో మాస్క్ లేని మనిషి కనబడటం కష్టమైంది. ఆ ప్లేగులో మొత్తం 60,000 మంది దాకా పోయారు.

మెనీకి చదువు లేదా? ఉంది. ప్లేగు అంటే ఏంటో తెలియదా? చాలామందికంటే ఎక్కువ తెలుసు. ఆ తెలిసినదాని మీద ఉన్న ధీమానే ఆయన్ని ముంచింది. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

1918: లెక్కల్లో మాయమైన మనుషులు

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 1918 జూన్‌లో ఓడల మీద ఇన్‌ఫ్లుయెంజా బొంబాయికి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తోంది, సైనికులు వస్తూ పోతూ ఉన్నారు. మొదటి అల తేలిగ్గానే పోయింది. సెప్టెంబర్‌లో రెండో అల వచ్చింది. అది రైలు పట్టాల వెంట దేశమంతా పాకింది. ముసలివాళ్లకంటే 20 నుంచి 40 ఏళ్ల వయసువాళ్లే ఎక్కువగా పోయారు. అంటే మీ వయసు, నా వయసు. దేశం మొత్తం మీద 1 కోటి 20 లక్షల నుంచి 1 కోటి 80 లక్షల దాకా చనిపోయారని అంచనాలున్నాయి.

మన తెలంగాణ అప్పుడు నిజాం రాజ్యంలో ఉంది. 1911 జనాభా లెక్కల్లో హైదరాబాద్ రాష్ట్రంలో సుమారు 1 కోటి 33 లక్షల మంది. 1921లో చూస్తే సుమారు 1 కోటి 24 లక్షలు. పెరగాల్సింది పోయి, పదేళ్లలో 9 లక్షలు తగ్గింది. కరువు, ప్లేగు కూడా తోడయ్యాయి కానీ పెద్ద దెబ్బ మాత్రం ఇన్‌ఫ్లుయెంజాదే.

ఇంకో విచిత్రం ఏంటంటే, ఉస్మానియా యూనివర్సిటీ ఏర్పడింది కూడా ఆ 1918లోనే. 1919లో క్లాసులు మొదలయ్యాయి. అంటే మన రాష్ట్రంలో మొదటి యూనివర్సిటీ పుట్టిందే ఒక మహమ్మారి నీడలో.

అదే సమయంలో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో ఏం జరిగిందో చూడండి. 1918 అక్టోబర్‌లో మాస్క్ తప్పనిసరి చేశారు. చాలామంది పెట్టుకున్నారు. కేసులు తగ్గాయి. నవంబర్ 21న రూల్ ఎత్తేశారు. నగరమంతా ఒకేసారి సైరన్ మోగింది, జనం మాస్కులు పీకి వీధుల్లో పారేశారు. కొన్ని వారాలకే మళ్లీ కేసులు. 1919 జనవరిలో మళ్లీ మాస్క్ రూల్ పెడితే, ఈసారి దానికి వ్యతిరేకంగా ఏకంగా ఒక సంఘమే పెట్టారు.

మొదటిసారి భయం ఉంది, పాటించారు. రెండోసారి విసుగు వచ్చింది, పాటించలేదు. సరిగ్గా నూటరెండేళ్ల తర్వాత మా హాస్టల్‌లో నేను చూసింది కూడా ఇదే సినిమా.

2020 మార్చి: బ్యాగు సర్దుకుని ఊరికి

మార్చి 2న తెలంగాణలో మొదటి కేసు బయటపడింది. దుబాయ్ వెళ్లొచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీర్, గాంధీ ఆస్పత్రిలో చేర్చారు. మార్చి 14న, శనివారం, విద్యాసంస్థలన్నీ మూసేస్తున్నట్టు ప్రభుత్వం చెప్పింది. నేనప్పుడు హైదరాబాద్‌లో పీజీ మొదటి సంవత్సరం. మా హాస్టల్లో ఆ రాత్రి పండగే. పదిహేను రోజులు సెలవులొచ్చాయని కేకలు. సోమవారం బస్సెక్కా. నిర్మల్ దాకా కిక్కిరిసిన బస్సు, అక్కడి నుంచి ఉట్నూర్, అక్కడి నుంచి జైనూర్. ఒక్కడి ముక్కుకీ గుడ్డ లేదు. నాకూ లేదు.

ఇంకో రెండు రోజులకు కరీంనగర్ వార్త వచ్చింది. విదేశాల నుంచి వచ్చిన ఒక బృందంలో వరసగా పాజిటివ్‌లు, ఇంటింటికీ తిరిగి సర్వే చేస్తున్నారని. అప్పుడు మా వాడలో అందరి చూపూ నా మీద పడింది. "పట్నం నుంచి వచ్చిండు."

మా నాయినమ్మ అందరికంటే ముందు లేచింది. ఆమెకి వైరస్ అనే మాట తెలియదు. ఆమెకి తెలిసిన మాట గత్తర. "బిడ్డా, గత్తర వచ్చిందంట గదా. ఇంట్ల పండకు. చేన్ల గుడిసె ఉంది, అండ్ల ఉండు. బువ్వ నేను తెస్త" అన్నది. నేను మొదట నవ్వాను. పీజీ చదువుతున్న నాకు ఈమె చెప్పేదేంటి అనుకున్నా. మెనీ గుర్తొచ్చాడా?

తర్వాత చదివితే అర్థమైంది. దక్కన్‌లో ప్లేగు వచ్చిన రోజుల్లో జనం ఊరు ఖాళీ చేసి చేలల్లో గుడిసెలు వేసుకుని ఉండేవాళ్లు. రోగం తగ్గాకే ఇళ్లకు తిరిగొచ్చేవాళ్లు. ఆ జ్ఞాపకం మా నాయినమ్మ దాకా నోటి మాటగా వచ్చింది. 2020లో తెలంగాణలోని చాలా ఊళ్లు పొలిమేరల్లో ముళ్లకంపలు అడ్డం పెట్టాయి, టీవీల్లో చూసే ఉంటారు. ఆ కంపల వెనక భయం ఉంది, కొంత అన్యాయం కూడా ఉంది, దానితోపాటు ఒక పాత తెలివి కూడా ఉంది.

పద్నాలుగు రోజులు గుడిసెలో ఉన్నా. పొద్దున, మాపున ఆమె గట్టు మీద సద్ది పెట్టి, దూరం జరిగి, తుమ్మచెట్టు కింద కూర్చునేది. నేను తింటుంటే అక్కడి నుంచే ముచ్చట్లు చెప్పేది. గిన్నె నేనే కడిగి ఎండలో బోర్లించాలి. మధ్యలో ఎంత దూరం ఉండేదంటారా? ఆరడుగులకంటే ఎక్కువే.

మా బాపు టైలర్. ఏప్రిల్ 10న రాష్ట్రంలో మాస్క్ తప్పనిసరి అయ్యింది, మే నెలలో వెయ్యి రూపాయల జరిమానా కూడా పెట్టారు. బాపు మిగిలిన జాకెట్ గుడ్డలతో మాస్కులు కుట్టాడు. నేను ఫోన్‌లో చదివి రెండు పొరలా మూడు పొరలా అని చెప్పేవాణ్ణి. మార్లవాయి వైపు మా దోస్త్ ఒకడు డిగ్రీ చదివేవాడు. వాడు జాగ్రత్తలన్నీ గోండిలో వాయిస్ మెసేజ్ చేసి గూడేలకు పంపాడు. మార్లవాయి పేరు విన్నారా? మా జైనూర్ మండలంలోనిదే. మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1940లలో అక్కడ ఉండి, గోండు టీచర్ల కోసం శిక్షణ కేంద్రం పెట్టించాడు. పిల్లలకు వాళ్ల భాషలో చెప్తేనే బుర్రకెక్కుతుందని ఆ కేంద్రం నడిచింది. ఎనభై ఏళ్ల తర్వాత మావాడు వాట్సాప్‌లో చేసింది కూడా అదే పని.

పాటించడానికి చోటు కావాలి

అందరికీ చేన్ల గుడిసె ఉండదు కదా. మా క్లాస్‌మేట్ ఒకడు అమీర్‌పేటలో కోచింగ్ కోసం ప్రైవేటు హాస్టల్లో ఉండిపోయాడు. మార్చి 24 రాత్రి దేశమంతా లాక్‌డౌన్ అన్నారు. "ఎక్కడివాళ్లు అక్కడే ఉండండి." మర్నాడు చాలా హాస్టళ్లలో "ఖాళీ చేయండి" అన్నారు. వేల మంది స్టూడెంట్లు, ఉద్యోగాలు వెతుక్కునేవాళ్లు పాస్‌ల కోసం పోలీస్ స్టేషన్ల ముందు లైన్ కట్టారు. పాస్ తీసుకుని బయల్దేరినవాళ్లను ఆంధ్రా సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్ట్ దగ్గర ఆపేశారు. అక్కడా గుంపే. చివరికి హాస్టళ్లు ఎవరినీ ఖాళీ చేయించొద్దని ప్రభుత్వం చెప్పాల్సొచ్చింది.

మావాడు ఆ లైన్లోంచి నాకు ఒక ఫొటో పంపాడు. భుజానికి భుజం తగులుతోంది. కింద ఒక్క లైన్ రాశాడు: "సోషల్ డిస్టెన్స్ ఎక్కడ పాటించాలో చెప్పరా."

వాడికి జాగ్రత్తలు తెలియవా? నాకంటే బాగా తెలుసు. కానీ దూరంగా ఉండాలంటే ఉండటానికి చోటుండాలి. చేతులు కడుక్కోవాలంటే నల్లాలో నీళ్లు రావాలి. రూల్ రాసేవాళ్లు ముందు చూడాల్సింది ఇదే. ఆ రోజుల్లో ప్రభుత్వాలు వాడిన అంటువ్యాధుల చట్టం 1897 నాటిది, బొంబాయి ప్లేగు కోసం ఇంగ్లిష్‌వాళ్లు తెచ్చింది. ఎవరిని ఆపాలో, ఎవరికి శిక్ష వేయాలో అందులో ఉంది. ఆపేసినవాడు ఎక్కడ పడుకోవాలో అందులో లేదు.

2021 ఫిబ్రవరి: గడ్డం కింద మాస్క్

ఫిబ్రవరి 1న కాలేజీలు మళ్లీ తెరిచారు. పది నెలలు సిగ్నల్ కోసం గుట్టెక్కి క్లాసులు విన్నవాణ్ణి, హాస్టల్ చూడగానే ప్రాణం లేచొచ్చింది. గేటు దగ్గర టెంపరేచర్ గన్, శానిటైజర్, సంతకం పెట్టే రిజిస్టర్. ఇవన్నీ గేటు దగ్గరే. గేటు దాటితే మాస్క్ జేబులోకి. గదికి నలుగురం. మెస్‌లో ఒకే బల్ల మీద మోచేతులు తగిలేలా తిండి. సబ్బు మొదటి వారం ఉంది, తర్వాత ఖాళీ డబ్బా ఉంది.

ఒక పెద్ద పొరపాటు గురించి చెప్పాలి. మేమంతా తలుపు గొళ్లేలు తుడిచాం, కూరగాయలు కడిగాం, చేతులకు శానిటైజర్ రాసి రాసి తోలు ఊడగొట్టుకున్నాం. కిటికీలు మాత్రం మూసేశాం, దోమలు వస్తాయని. 2020 మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ గాలి ద్వారా వ్యాపించేది కాదని ట్విటర్‌లో గట్టిగా చెప్పింది. జులైలో 239 మంది శాస్త్రవేత్తలు బహిరంగ లేఖ రాశారు, గాలి సంగతి పట్టించుకోండి అని. ఆ సంస్థ మెల్లమెల్లగా మాట మార్చుకునేసరికి 2021 వచ్చేసింది. నలుగురున్న గదిలో కిటికీ తెరిచి పెట్టడం పైసా ఖర్చు లేని పని. అది మాకెవరూ గట్టిగా చెప్పలేదు.

ఇంకోటి, సిగ్గు. నేను రెండ్రోజులు గదిలో మాస్క్ పెట్టుకున్నా. "ఏంరా, మాకు రోగం ఉందా?" అన్నారు ఫ్రెండ్స్. నవ్వుతూనే అన్నారు. మూడో రోజు తీసేశా. చాలా దేశాల్లో స్టూడెంట్ల మీద జరిగిన సర్వేల్లో ఇదే కనబడుతుంది. జాగ్రత్తలు ఏంటని అడిగితే ఎక్కువమంది సరిగ్గానే చెప్తారు. పాటిస్తున్నారా అంటే ఆ సంఖ్య తగ్గిపోతుంది. పరీక్షలో పది మార్కులు, మెస్‌లో సున్నా అన్నమాట. వైరస్‌కంటే ముందు మనం భయపడేది పక్కవాడు ఏమనుకుంటాడో అని.

మార్చిలో రాష్ట్రంలో కొన్ని స్కూళ్లు, గురుకులాల్లో కేసులు బయటపడ్డాయి. మార్చి 24 నుంచి మళ్లీ అన్నీ మూసేశారు. సరిగ్గా ఏడాదికి, అదే బ్యాగు, అదే బస్సు.

రెండోసారి ఊరికి

ఈసారి నేను గుడిసెకు పోలేదు.

పోదామని అనుకోలేదు కూడా. ఏడాది గడిచింది, ఏం కాలేదు. గొంతు కొంచెం గరగర అనిపించింది, ప్రయాణం దుమ్మేమో అనుకున్నా. ఇంట్లోకి వెళ్లి నేరుగా నాయినమ్మ మంచం మీద కూర్చున్నా. ఆమె నా మొహం తడిమి "చిక్కిపోయినవ్ బిడ్డా" అన్నది. చేన్లకు పొమ్మని ఆమె కూడా అనలేదు. పది నెలలు ఇంట్లోనే ఉండి రెండు నెలల కింద పోయిన మనవడు తిరిగొస్తే ఎట్లా అంటుంది?

ఏప్రిల్ మొదటి వారంలో ఆమెకు జ్వరం. మా దగ్గర జ్వరం అంటే మలేరియా అనుకుంటాం, డాక్టర్ దగ్గర గోలీలు తెచ్చి వేశాం. తర్వాత ఆయాసం. టెస్ట్ చేయించలేదు. బండి మాట్లాడి పెద్దాస్పత్రికి బయల్దేరదాం అనుకున్న రోజు తెల్లవారుజామున ఆమె పోయింది. చివరిదాకా స్పృహలోనే ఉంది. "దగ్గరికి రాకుర్రి" అని చేయి ఊపింది. నాయినమ్మకి రూల్ గుర్తుంది. నాకే లేదు.

నేనే తెచ్చానా? సంతకు పోయొచ్చిన ఎవరైనా తెచ్చారా? ఏ టెస్టూ ఇప్పుడు చెప్పలేదు. బాపు ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఆయన మిషన్ డ్రాయర్‌లో పూల గుడ్డతో కుట్టిన మాస్క్ ఒకటి ఇంకా ఉంది. అది ఆమెకు కుట్టింది.

ఇందాక 1921 జనాభా లెక్కల గురించి చెప్పా కదా. ఆ లెక్క జరిగింది కాబట్టే హైదరాబాద్ రాష్ట్రంలో 9 లక్షలు తగ్గారని ఇవాళ మనం మాట్లాడుకోగలుగుతున్నాం. 2021లో జరగాల్సిన జనాభా లెక్కలు కరోనా వల్లే వాయిదా పడ్డాయి. కోవిడ్ మరణాల లెక్కలోనూ మా నాయినమ్మ లేదు, టెస్ట్ లేదు కాబట్టి. మీ ఇళ్లల్లో కూడా ఇలా ఏ లెక్కలోనూ లేనివాళ్లు ఉండే ఉంటారు.

మరి ఏం చేయాలి?

నీతులు చెప్పే అర్హత నాకు లేదు. నేను నేర్చుకున్నవి మూడు చెప్తా.

ఒకటి, "నాకు తెలుసు" అనేది జాగ్రత్త కింద లెక్క కాదు. మెనీకి తెలుసు, కరీంనగర్ మెడికోలకు తెలుసు, నాకూ తెలుసు. తెలిసిన దాన్ని అలవాటుగా మార్చుకోవాలి, అది కూడా భయం తగ్గిన రెండో ఏడాది నిలబడేలా.

రెండు, హాస్టల్లో అడగాల్సినవి గట్టిగా అడగండి. గదికి ఎంతమంది, నల్లా దగ్గర సబ్బు ఉందా, కిటికీకి దోమల జాలీ ఉందా. జాలీ ఉంటే కిటికీ తెరుస్తాం, కిటికీ తెరిస్తే గాలి ఆడుతుంది. జలుబు చేసినవాడు విడిగా పడుకోవడానికి ఒక్క ఖాళీ గది ఉందా. మహమ్మారి వచ్చాక అడిగితే ఇవేవీ దొరకవు. ఇప్పుడే అడగాలి.

మూడు, జాగ్రత్తలు పాటించేటప్పుడు ఎవరో ఒక మనిషిని గుర్తుపెట్టుకోండి. జరిమానా కోసం పెట్టుకున్న మాస్క్ గేటు దాటగానే జేబులోకి పోతుంది. 2020లో నేను పద్నాలుగు రోజులు గుడిసెలో ఉన్నది ఏ జీవో చూసీ కాదు. తుమ్మచెట్టు కింద కూర్చున్న మనిషి కోసం. 2021లో ఆ మనిషి నా ఎదురుగానే ఉంది. నేనే చూడలేదు.

ఇవాళ్టికి ఇంతే. హాస్టల్లో ఉన్నవాళ్లు ఇది చూశాక ఒక పని చేయండి, లేచి కిటికీ తెరవండి. ఊర్లో ఇంకా పెద్దవాళ్లున్న అదృష్టవంతులైతే ఒక ఫోన్ కొట్టి, వాళ్ల చిన్నప్పుడు గత్తర వస్తే ఊరు ఏం చేసేదో అడిగి రికార్డ్ చేసుకోండి. నేను అడగాలనుకున్నప్పటికి ఆలస్యమైంది. జాగ్రత్తగా ఉండండి, మళ్లీ కలుద్దాం.